వాగు పొంగకముందే గేటు మూసే నియమం కావాలి: రెండు రాష్ట్రాల అటవీ శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అటవీ శాఖల ఉన్నతాధికారులకు, జలపాతాలూ ట్రెక్కింగ్ దారులూ ఉన్న డివిజన్ల అటవీ అధికారులకు (డీఎఫ్ఓలకు), రేంజ్ ఆఫీసర్లకు, అడవిని కాపాడే ఊరి సంఘాలైన వన సంరక్షణ సమితుల పెద్దలకు నమస్కారం.

నాలుగు వానలు పడితే చాలు, తలకోన నుంచి బొగత దాకా, మారేడుమిల్లి నుంచి కుంటాల దాకా జనం అడవిబాట పడతారు. రావాలి కూడా. అడవిని కళ్ళారా చూసినవాళ్ళే రేపు దాని పక్షాన నిలబడతారని మా నమ్మకం. వాళ్ళను రానివ్వొద్దని మేం ఎన్నడూ అడగం. అడిగేది ఒక్కటే: ప్రతి జలపాతానికీ, ప్రతి దారికీ, ఏ గుర్తు కనిపిస్తే మూయాలి, ఎవరు మూయాలి, లోపలున్నవాళ్ళను ఎలా బయటికి తేవాలి అన్నది ముందే రాసి, గేటు దగ్గర అందరికీ కనబడేలా పెట్టండి. టికెట్ ధరల బోర్డు అన్ని చోట్లా ఉంది. ఈ బోర్డు మాత్రం దాదాపు ఎక్కడా లేదు.

మూయడం మీ శాఖకు కొత్త కాదు. పులుల అభయారణ్యాల్లో జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఆపేస్తారు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ గొడవ చేయరు. సరిగ్గా ఆ మూడు నెలలే జలపాతాలకు సీజన్. అభయారణ్యం హద్దు దాటి బయటికొస్తే, అదే వానకు, అదే వాగుకు ఏ నియమమూ లేదు. వాన పెరిగిందని ఎవరికైనా అనిపిస్తే మూస్తారు, ఎవరికీ అనిపించకపోతే గేటు తెరిచే ఉంటుంది.

2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా ముత్యాలధార దగ్గర వాగు పొంగి సుమారు 80 మంది పర్యాటకులు అవతలి ఒడ్డున చిక్కుకుపోయారు. చీకట్లో జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) వచ్చి వాళ్ళను బయటికి తెచ్చింది. మర్నాడు తెల్లవారేసరికి అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైంది. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణిలో ఉన్నట్టుండి ఉధృతి పెరిగి, ఏలూరు నుంచి వచ్చిన వైద్య విద్యార్థులు కొట్టుకుపోయారు, ముగ్గురు చనిపోయారు. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ కొన్నాళ్ళు గేటు మూస్తారు, తర్వాత తెరుస్తారు. మధ్యలో మారాల్సింది మారకుండానే సీజన్ మళ్ళీ మొదలవుతుంది.

నీళ్ళు అంత హఠాత్తుగా ఎందుకొస్తాయో ముందు చెప్పుకోవాలి. నల్లమల, శేషాచలం కొండల్లో పైనున్నది ఎక్కువగా క్వార్ట్‌జైట్ అనే, నీరు సులువుగా ఇంకని గట్టి రాయి, దాని మీద బెత్తెడు మట్టి. వారం రోజుల ముసురుకు ఆ మట్టి తడిసి ఉంటే, తర్వాత పడే జడివానలో ఇంకేది చాలా తక్కువ. మిగతాదంతా రాతి మీదుగా జారి కోనలోకి దిగుతుంది. కోన ఇరుకు, వాలు నిటారు. పైన వాన కురిసిన గంటలోపే కింద నీటిమట్టం లేచిపోతుంది. ఆ గంటలో కింద ఎండ కాస్తూ ఉండవచ్చు. నీళ్ళలో ఆడుతున్నవాళ్ళకు వాన చినుకే కనిపించదు, కాబట్టి భయమూ ఉండదు.

గుర్తులు మాత్రం ఉంటాయి. తేటగా ఉన్న నీరు ముందు లేత టీ రంగుకు తిరుగుతుంది. పచ్చి ఆకులు, విరిగిన పుల్లలు తేలుతూ వస్తాయి. రాళ్ళ మీద అంతదాకా పొడిగా ఉన్న గీత తడుస్తుంది. జలపాతం చప్పుడు బరువెక్కుతుంది. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి కనబడినా వెంటనే నీళ్ళలోంచి బయటికి, ఆపైన ఎత్తుకు వెళ్ళాలి. బట్టలూ ఫోన్లూ సర్దుకునే వ్యవధి ఉండదు. ఈ నాలుగు వాక్యాలే బొమ్మలతో పెద్ద అక్షరాల్లో రాసి మడుగు దగ్గర పెట్టండి. ఇప్పుడున్న "ప్రమాదం, జాగ్రత్త" బోర్డు వేసవిలోనూ అదే మాట చెబుతుంది, వరదలోనూ అదే మాట చెబుతుంది. అందుకే దాన్ని ఎవరూ చదవరు.

రెండోది నీటిమట్టం కొలిచే గుర్తు. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. దారి వాగును దాటే ప్రతిచోటా, కదలని పెద్ద బండ ఒకటి ఎంచుకోవాలి. వరదలో కొట్టుకొచ్చే దుంగలు తగలకుండా, ప్రవాహానికి దిగువ వైపున్న ముఖం మీద, ఏప్రిల్-మే నెలల్లో రాయి ఎండి ఉన్నప్పుడు, పాచి గీకి ఎనామిల్ పెయింటుతో పది సెంటీమీటర్లకో గీత వేయాలి. సున్నా గీత బండ అడుగున కాదు, జనం నడిచే చోట వాగు అడుగు ఎంత లోతున ఉందో ఆ మట్టానికి రావాలి. చాలాచోట్ల తప్పు ఇక్కడే జరుగుతుంది: గీత 20 చూపిస్తుంది, నడిచేచోట నీళ్ళు తొడ దాకా ఉంటాయి. నీళ్ళ గొట్టంతో, అంటే మేస్త్రీలు పునాదికి మట్టం చూసే పద్ధతిలో, సున్నాను కచ్చితంగా తేవచ్చు. ప్రతి వానాకాలం తర్వాత ఇసుకా రాళ్ళూ కదిలి అడుగు మారుతుంది కాబట్టి ఏటా సరిచూడాలి.

30 సెంటీమీటర్ల దాకా పచ్చ, 30 నుంచి 45 దాకా పసుపు, ఆపైన ఎరుపు అన్నది మా సూచన. పసుపులో పిల్లల్నీ, వయసు పైబడినవాళ్ళనూ దాటనివ్వకూడదు, మిగతావాళ్ళు గైడుతోనే దాటాలి. ఎరుపు వస్తే అందరికీ ఆపేయాలి. మోకాలి లోతు నీళ్ళే కదా అని జనం అడుగుతారు. నీటి వేగం రెట్టింపైతే కాళ్ళ మీద పడే తోపుడు నాలుగింతలవుతుంది. అడుగున పాచి పట్టిన గుండ్రాళ్ళు ఉన్నచోట, మోకాలి లోతు వడినీళ్ళు ఆరోగ్యంగా ఉన్న మనిషిని కూడా పడగొడతాయి. ఒకసారి పడ్డాక లేవడం చాలా కష్టం, ఎందుకంటే కాలు రాళ్ళ సందులో ఇరుక్కుంటుంది. వాగుకు కింద యాభై అడుగుల దూరంలో జలపాతం అంచు ఉంటే, అక్కడ పసుపు గీత కూడా పనికిరాదు, పచ్చ దాటగానే మూయాలి.

మట్టాన్ని ఉదయం 7, 10, మధ్యాహ్నం 1, సాయంత్రం 4 గంటలకు చూసి రిజిస్టరులో రాయాలి. పక్కనే ఒక వర్షమాపకం. రెండేళ్ళ లెక్కలుంటే, పైన ఎంత వాన పడితే కింద ఎంతసేపటికి ఎంత నీరొస్తుందో ఆ వాగుకు ఆ వాగే చెబుతుంది. ఏ కన్సల్టెంటూ అంత కచ్చితంగా చెప్పలేడు.

వాతావరణ హెచ్చరికల విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతోంది. జలపాతం ఏ మండలంలో ఉందో ఆ మండలం సూచన చూస్తారు. చూడాల్సింది వాగు పుట్టే చోటుది. నీళ్ళు వచ్చే కొండ పక్క మండలంలో ఉండొచ్చు, పక్క జిల్లాలో ఉండొచ్చు, బొగత లాంటి చోట్లకైతే పక్క రాష్ట్రపు సరిహద్దు కొండల వైపు కూడా చూడాలి. ప్రతి స్థలానికీ పరీవాహక ప్రాంతం, అంటే ఆ వాగులోకి నీరు దిగే నేలంతా, గీసిన పటం ఒకటి తయారు చేయించి, అందులోకి వచ్చే ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల పేర్లు గేటు దగ్గర రాసిపెట్టాలి. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. పరీవాహక ప్రాంతానికి భారీ వర్ష సూచన ఉన్నరోజు గేటు తెరవనే కూడదు. మామూలు రోజుల్లో మూడు గంటలకోసారి వచ్చే తక్షణ సూచనలు, పిడుగులకు దామిని యాప్ చూడాలి. సెల్ సిగ్నల్ లేని చోట ఇవేవీ అందవు. అక్కడ మీ శాఖ వైర్‌లెస్ సెట్టు ఒకటి టికెట్ కౌంటరులోనే ఉండాలి, పై కొండ మీది బేస్ క్యాంపు వాచరు "ఇక్కడ గట్టిగా పడుతోంది" అన్న ఒక్క మాట కిందికి చెప్పగలగాలి. ఇప్పటికే ఉన్న మనుషులు, ఇప్పటికే ఉన్న సెట్లు. కలపాల్సింది మీరు.

ఇక అసలు చిక్కు. గేటు దగ్గర కూర్చునేది వన సంరక్షణ సమితి కుర్రాడు. వాగు అతనికి పుట్టినప్పటి నుంచి తెలుసు. మూయాలని అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. అయినా మూయలేడు. మూస్తే ఆ రోజు వసూళ్ళుండవు, కొన్నిచోట్ల కూలీ కూడా దక్కదు. రెండొందల కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వచ్చినవాళ్ళు మీద పడతారు. ఎవరో పెద్దమనిషి ఫోన్ చేయిస్తాడు. కాబట్టి నియమం ఇలా ఉండాలి: మూయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మళ్ళీ తెరవడానికి మాత్రం రేంజ్ ఆఫీసర్ రాతపూర్వక అనుమతి ఉండాలి. మూసిన రోజుకు కూడా గేటు సిబ్బందికీ గైడ్లకూ పూర్తి కూలీ ఇవ్వాలి. అందుకోసం టికెట్ డబ్బులో పదో వంతు వేరుగా పెడితే సరిపోతుంది. ఆన్‌లైన్ బుకింగ్ ఉన్నచోట డబ్బు పూర్తిగా వాపసు ఇస్తామని ముందే రాయాలి, సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

మూశాక లోపల ఎంతమంది ఉన్నారో తెలియాలి కదా. టికెట్ పుస్తకం లోపలికి వెళ్ళినవాళ్ళ లెక్కే చెబుతుంది. మనిషికొక నంబరు బిళ్ళ ఇచ్చి, వెనక్కి వచ్చేటప్పుడు తీసుకుని మేకుల బోర్డుకు తగిలిస్తే, ఖాళీగా ఉన్న మేకులే లోపలున్నవాళ్ళు. కోనల్లో పొద్దు త్వరగా వాలుతుంది, చివరి ప్రవేశం 2:30కి ఆపి, 4:30కల్లా బోర్డు నిండిందో లేదో చూడాలి. నిండకపోతే వెతకడానికి ఇంకా గంటన్నర వెలుతురు ఉంటుంది. అదే బిళ్ళల సంఖ్య ఒకేసారి లోపల ఎంతమంది ఉండొచ్చన్న పరిమితి కూడా అవుతుంది: బిళ్ళలు అయిపోతే, ఒకరు బయటికొచ్చాకే మరొకరు లోపలికి.

వాగు దాటాక చిక్కుకుపోయినవాళ్ళకు అవతలి ఒడ్డున ఎత్తైన చోట ఒక రేకుల షెడ్డు, అందులో తాళం లేని పెట్టె ఉండాలి. టార్పాలిన్, విజిళ్ళు, టార్చి, తాగునీరు, అటుకులూ బెల్లం, ప్రథమ చికిత్స సామగ్రి. చిన్న వాగుల్లో వాన ఆగిన కొన్ని గంటలకే నీరు తగ్గుతుంది. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఆ కొన్ని గంటలు ఆగలేక దాటబోయినప్పుడే. చీకటి పడుతోందని, ఇంట్లో కంగారు పడతారని, ఆకలి అని దాటుతారు. తలదాచుకోవడానికి చోటు, తినడానికి పిడికెడు అటుకులు ఉంటే ఆగుతారు. తాడు విషయంలో గైడ్లకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది: వడినీళ్ళలో తాడును మనిషి నడుముకు ఎప్పుడూ కట్టకూడదు. కాలు జారితే తాడు బిగిసి, ప్రవాహం మనిషిని నీటి అడుక్కి నొక్కేస్తుంది. సంచి నడుము బెల్టు కూడా దాటేముందే విప్పుకోవాలి.

మడుగుల గురించి కొంచెం. జలపాతాల దగ్గర జనం మునిగిపోయేది ధార కింది గుండంలోనే. నీళ్ళు పడిన చోట తెల్లటి నురగలో గాలి ఎక్కువ, మనిషి తేలడు, ఈతగాడు కూడా. అంచు బండల కింద నీళ్ళు తొలిచిన గుహలుంటాయి, లోపలికి లాగితే పైన కనబడరు. లోతు రాసిన బోర్డులు నాలుగైదేళ్ళ కిందటివి. గుండం లోతు ప్రతి వరదకూ మారుతుంది. నవంబరులో నీరు తేటపడ్డాక తాడుకు రాయి కట్టి కొలిచి, తేదీ వేసి రాయండి. ఈతకు అనువైన చోటు ఏదైనా ఉంటే దాన్ని తేలే డబ్బాల తాడుతో విడదీయండి, మిగతా గుండానికి కంచె వేయండి. మద్యం తాగినవాళ్ళను గేటు దగ్గరే ఆపడం తప్ప మార్గం లేదు.

నడకదారి గురించి ఎవరూ అడగరు, కానీ అడవికి జరిగే నష్టం ఎక్కువగా అక్కడే. కొత్త చోటు తెరవగానే మనకు తోచేది సిమెంటు మెట్లు. రెండు వానాకాలాల్లో వాటికి పాచి పడుతుంది, జారి పడతారు, జనం మెట్లు వదిలి పక్కన మట్టి మీద నడుస్తారు. పక్క మట్టి కోసుకుపోయి మెట్ల కింద గుల్ల అవుతుంది, మూడో ఏడు మెట్లు కూలతాయి. మట్టిదారే బాగా వేస్తే పదేళ్ళు నిలుస్తుంది. కొండవాలుకు అడ్డంగా తీసుకెళ్ళాలి. దారి వాలు కొండ వాలులో సగానికి మించితే దారే కాలువైపోతుంది. మొత్తం మీద వాలు నూటికి పది అడుగులు దాటకపోతే మంచిది. దారి వెడల్పు మీటరు చాలు, లోయ వైపుకు కాస్త వంపు ఉండాలి, మీటరుకు ఐదు సెంటీమీటర్లు. అప్పుడు వాననీరు దారి వెంట పారకుండా అడ్డంగా దాటిపోతుంది. నిటారు చోట్ల పది పదిహేను మీటర్లకోసారి రాళ్ళవరస ఏటవాలుగా పాతాలి, రాయిలో మూడింట రెండు వంతులు భూమిలోనే ఉండాలి. అడ్డంగా తిన్నగా పాతితే వెనక మట్టి నిండి మొదటి వానకే నీరు పైనుంచి దూకుతుంది. ఏటవాలుగా ఉంటే నీరు తనే మట్టిని పక్కకు తోసుకుపోతుంది. మలుపుల దగ్గర జనం అడ్డదారులు తొక్కుతారు. కింది దారి పైనుంచి కనబడటమే దానికి కారణం. మలుపును పెద్ద బండ వెనకో, వెదురు పొద వెనకో పెడితే అడ్డదారి పుట్టదు. ఈ పనికి గడ్డపార, పార, ఊళ్ళో రాతిపని తెలిసిన నలుగురు చాలు. మే నెలలో కాలువలు తీయాలి, నవంబరులో కోతలు పూడ్చాలి. కాంట్రాక్టరుకు ఇస్తే ఒకసారి చేసి వెళ్ళిపోతాడు, ఆ ఊరివాళ్ళకు ఏటా కూలీగా ఇస్తే దారి నిలుస్తుంది.

మరుగుదొడ్లు కట్టని చోటు తక్కువ, తాళం లేని చోటు అంతకన్నా తక్కువ. తాళానికి కారణం నీళ్ళు. రోజుకు 300 మంది వాడితే, మనిషికి మూడు లీటర్ల చొప్పున 900 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకు ఆరో రోజుకు ఖాళీ. ట్యాంకరు ఎవరు తేవాలి, డబ్బు ఏ పద్దులో అన్నది తేలకుండా కట్టడం వల్ల తాళం పడుతుంది. ఇంకోటి, రాతినేల మీద సోక్‌పిట్లు (మురుగు ఇంకే గుంతలు) తవ్వొద్దు. పగుళ్ళ గుండా మురుగు నేరుగా వాగులోకి పోతుంది, కింద చెలమ తోడుకుని తాగే గూడెం ఉంటుంది. అలాంటి చోట మూసిన బయోడైజెస్టర్ ట్యాంకులు, అంటే సూక్ష్మజీవులే మలాన్ని కుళ్ళబెట్టే తొట్లు పెట్టి, వాటి నీటిని కూడా వాగుకు దూరంగా మట్టి ఉన్న చోటికి మళ్ళించాలి. ఆడవాళ్ళకు మగవాళ్ళకన్నా రెట్టింపు గదులు కట్టండి, లోపల వాడిన ప్యాడ్లకు మూతడబ్బా పెట్టండి.

చెత్తడబ్బాలు అడవి లోపల పెట్టకండి. కోతులు, ఎలుగులు వాటికి అలవాటు పడతాయి. డబ్బాలన్నీ గేటు దగ్గరే, బరువు మూతలతో. లోపలికి తీసుకెళ్ళే ప్రతి సీసాకూ స్టిక్కరు అంటించి ఇరవై రూపాయలు డిపాజిట్ తీసుకోండి, తిరిగి తెస్తే ఇచ్చేయండి. నీలగిరుల్లో 2022 నుంచి మద్యం సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇస్తున్నారు. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు ఆపి గాజు సీసాలు తెచ్చారు, కోట్లమంది భక్తులు సర్దుకున్నారు. మన జనం చేయలేరన్న మాట నిజం కాదు.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కథ వేరు, అప్పుడు భయం నిప్పు. 2018 మార్చిలో తమిళనాడు కురంగణి కొండల్లో ఎండుగడ్డి మంటల్లో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. నిటారు వాలు మీద మంట పైకి మనిషి పరుగెత్తలేనంత వేగంగా ఎగబాకుతుంది. బోదగడ్డి నిలువెత్తు ఎండిన దారులను ఆ నెలల్లో పూర్తిగా మూసేయాలి. మిగతాచోట్ల ఆ రోజు ఉపగ్రహం చూపించిన మంటల జాబితా చూసి తెరవాలి. అగ్గిపెట్టె, లైటర్ గేటు దగ్గరే ఉండిపోవాలి, క్యాంపు ఫైరు అన్నది ప్యాకేజీల్లోంచే తీసేయాలి. ఈ నెలల్లోనే జలపాతాల పక్క కొండచరియలకు పెద్ద తేనెటీగల పట్లు వేలాడతాయి. పొగ, అత్తరు, డ్రోన్ చప్పుడుకు ఒక్కసారిగా లేస్తాయి. లేస్తే ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తడమే మార్గం, నీళ్ళలో దూకితే పైకి తేలేదాకా అక్కడే తిరుగుతాయి. పట్లున్నాయా లేవా అన్నది చెంచులకు, కొండరెడ్లకు చూడగానే తెలుస్తుంది. వారానికోసారి వాళ్ళలో ఒకరితో చరియ చూపించండి.

ఇదంతా నడిచేది గైడ్ల మీద. తమిళనాడు 2024 అక్టోబరులో 40 ట్రెక్కింగ్ దారులను ఆన్‌లైన్ బుకింగుతో, శిక్షణ పొందిన స్థానిక గిరిజన, అటవీ గ్రామాల యువకులే గైడ్లుగా మొదలుపెట్టింది. మన దగ్గర మారేడుమిల్లి వైపు వలమూరు, తలకోన వైపు నేరబైలు లాంటి ఊళ్ళ సమితులు అంతకు చాలా ముందే ఈ పని చేశాయి. కాబట్టి మనకు కావాల్సింది అనుభవం కాదు, శిక్షణా జీతమూ. పది మందికి ఒక గైడు, గుంపు వెనక ఇంకొకరు. గైడ్లకు రావాల్సినవి: పాము కాటుకు కోయడం, గట్టిగా కట్టడం చేయకుండా కాలు కదలకుండా బద్దకట్టి మోయడం, నీట మునిగినవాళ్ళకు ఊపిరి ఊదడం, డోలీ కట్టడం. డోలీ వాళ్ళకు మనం నేర్పక్కర్లేదు. ఏ ఆసుపత్రిలో పాము విషానికి మందు ఉందో మాత్రం మనం కనుక్కుని, ప్రతి నెలా ఫోన్ చేసి నిల్వ సరిచూసి, గేటు బోర్డు మీద ఆసుపత్రి పేరూ దూరమూ రాయాలి. 108 వాహనం ఎంత దాకా రాగలదో కూడా.

మేం కోరేది మే 31 లోపు జరగాలి. ప్రతి రేంజిలో తెరిచి ఉన్న స్థలాల జాబితా తీసి, ఒక్కోదానికి ఒక్క పేజీ: నీటి గీతలు, పరీవాహక పటం, బిళ్ళల సంఖ్య, మూసే మనిషి పేరు, తెరిచే అధికారి పేరు, ఆసుపత్రి. ఆ పేజీ గేటు దగ్గరా, గ్రామ సచివాలయంలోనూ, పంచాయతీ కార్యాలయంలోనూ, మండల పోలీస్ స్టేషన్లోనూ ఉండాలి. పేజీ సిద్ధం కాని స్థలాన్ని ఈ వానాకాలానికి తెరవకండి. గీతలు వేయడానికి, దారులు సరిచేయడానికి, గైడ్లకు నేర్పడానికి మాలో ఎవరిని పిలిచినా మా ఖర్చులతో వస్తాం. ఏప్రిల్‌లో రాళ్ళు ఎండి ఉంటాయి, పెయింటు పని అప్పుడే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
తూర్పు కనుమల్లో నడిచేవాళ్ళం, నడిపించేవాళ్ళం